తిరిగి చూడని ఆడమనిషి

మా ప్రొద్దుటూరులో రాళ్లవంక పార్కు ఎక్కడుందని అడిగితే ఎవరైనా దారి చెబుతారు. చెప్పి ఊరుకోరు. "పొద్దు మునగకముందే బయటికొచ్చేయండి," అని ఒక మాట తగిలిస్తారు.

పార్కుకేం, పార్కు మంచిదే. ఉయ్యాలలున్నాయి, జారుడుబండ ఉంది, నడవడానికి నాపబండలు పరిచిన బాటలున్నాయి. జమ్మలమడుగు వైపు నుంచి లారీల్లో తెచ్చిన నల్లటి బండలు. మే నెలలో వాటి మీద చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు దోసెలవుతాయి. చెడ్డపేరంతా నడిమధ్యనున్న కానుగచెట్టుది. అక్కడ మూడు బాటలు కలుస్తాయి. ఒకటి పెద్దగేటు నుంచి వస్తుంది, ఒకటి వెనక చిన్నగేటుకు పోతుంది, ఇంకోటి ఉయ్యాలల వైపుకు.

చీకటి పడితే ఆ చెట్టు కింద ఒక ఆడమనిషి తిరుగుతుందని...

ఎవరి దయ్యం? అడిగినవాళ్ళకు అడిగినంత. తర్వాత పూడ్చేసిన బావిలో పడి పోయిన కోడలని కొందరు, లారీ గుద్దిన ఉల్లిగడ్డలామె అని కొందరు. నేను ఇంట్లో రవికెలు కుట్టుకుని బతికేదాన్ని. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు తలా ఒక దయ్యాన్ని తెచ్చి నా మిషను ముందు పెట్టి పోతారు. ఒక్క సంగతిలో మాత్రం అందరి మాటా కలుస్తుంది — ఆమె పిలిస్తే తిరగదు.

పాలు పోసే ఆయన కళ్ళారా చూశాడట. కంచె పక్కన బండి ఆపి, "ఎవురమ్మా అది, చీకట్లో?" అన్నాడట. ముసుగు కప్పుకుని పోతూనే ఉందట. మళ్ళీ పిలిచాడు. తల కూడా తిప్పలేదు... ఆ తర్వాత బండి స్టార్టు కాలేదు. క్యాన్లతో సహా నెట్టుకుంటూ ఇల్లు చేరాడు పాపం.

పొద్దున్నే చూస్తే చెట్టు మొదట్లో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, ఎర్రన్నం ముద్దలు, పగిలిన కోడిగుడ్లు. "ఎవురో చేతబడి చేస్తాండారప్పా," అని గొణుక్కుంటూ వాచ్‌మన్ లాల్ బాషా అన్నీ ఊడ్చి పక్కనే పారే వంకలో పారేసేవాడు. మరుసటి రోజుకు మళ్ళీ తయారు.

నేను దయ్యాలను నమ్మను. అయినా కూరగాయలకు పోవాలంటే ఆ పార్కు చుట్టూ తిరిగి పోతాను, కాళ్ళకు వ్యాయామం కదా అని.

ఈ కథ నాకు చెప్పింది వనజమ్మ. మా వీధి చివర మిద్దింట్లో బాడుగకుంటుంది. సొంతూరు తొండూరు దగ్గర. భర్త ఆదినారాయణ అక్కడే ఉండి చీనీతోట, అంటే బత్తాయితోట, చూసుకుంటాడు. ఒక్కగానొక్క కూతురు హాసిని చదువు కోసమని ఈమె ఇక్కడికి వచ్చేసింది.

హాసినికి తొమ్మిదేళ్ళు. నలుగురిలో నోరు విప్పే రకం కాదు. పేరేంటని అడిగినా వాళ్ళమ్మ కొంగు వెనక్కి పోయి నిలబడేది. బళ్ళో టీచర్లు మూగపిల్లేమో అని కూడా అనుకున్నారట. ఆ పిల్లకు మాటలొచ్చింది పోయిన వేసవిలో, ఆ పార్కులోనే.

ఫాయిజా అని ఒకమ్మాయి, బాటనీ చదువుకున్నది, పిల్లలకు అక్కడ వేసవి శిబిరం పెట్టింది. పొద్దున చల్లటిపూట, మళ్ళీ సాయంత్రం ఎండ దిగాక. సెల్‌ఫోన్లు ఇంట్లో పెట్టి రావాలి. చీమలబారు ఎక్కడికి పోతోందో వెంటపడి చూడటం, పిట్టలకు మట్టిచిప్పల్లో నీళ్ళు పెట్టడం, కళ్ళు మూసుకుని వాసనతోనే ఏ ఆకు ఏ చెట్టుదో చెప్పడం — ఇవీ చదువులు. హాసిని కరివేపాకు చెట్టు మీది గొంగళిపురుగును తెచ్చి గాజుసీసాలో పెంచింది. అది సీతాకోకయి ఎగిరిపోయిన రోజు పిల్ల ఇంటికొచ్చి ఎడతెగకుండా మాట్లాడిందట. అన్నం తింటూ మాట్లాడింది, నీళ్ళు పోసుకుంటూ మాట్లాడింది. వనజమ్మ ఆనందం పట్టలేక తొండూరికి ఫోన్ చేసి, "ఏమప్పా, మన పాప ఎట్ల మాట్లాడ్తాందో ఇను," అని స్పీకరు పెట్టింది.

శిబిరంలో హాసినికి జంట వసీం. చిన్నగేటు అవతలి వీధి వాళ్ళు. తండ్రి ఫరూఖ్ కువైట్‌లో డ్రైవరు. తల్లి షబీనా, నాయనమ్మ ఖమర్‌బీ ఇక్కడ. గేటు దగ్గర పిల్లల కోసం కాచుకుని కాచుకుని వనజమ్మకూ షబీనాకూ బాగా మాట కలిసింది.

శిబిరం ఆఖరున 'చిమ్మెటల రాత్రి' పెడతానని ఫాయిజా చెప్పింది. చీకటి పడ్డాక చెట్టుకు తెల్లదుప్పటి కట్టి, వెనక దీపం పెడితే, రాత్రిపూట ఎగిరే చిమ్మెటలన్నీ వచ్చి దాని మీద వాలతాయట. ఒక్కోదాని రెక్కల మీద ఒక్కో రకం ముగ్గట. పిల్లలు గంతులేశారు. ఏ చెట్టుకు కడతావమ్మా అంటే — కానుగచెట్టుకు అంది. తల్లుల గుండెలు జారాయి.

"దయ్యం తిరిగే చోట తెల్లగుడ్డ కట్టి దీపం పెడతాదంట! దానికి పందిరేసి పిలిచినట్ల గదా," అని ఖమర్‌బీ బుగ్గలు నొక్కుకుంది.

ఆ వారంలోనే పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. ప్రొద్దుటూరు ఎండలో తిరిగితే జ్వరం రాక ఇంకేమొస్తుంది? డాక్టరు అదే మాట చెప్పి, నీళ్ళు బాగా తాగించమన్నాడు. తల్లి మనసు డాక్టరు మాటతో ఊరుకుంటుందా! ముందు వసీం పడ్డాడు. తర్వాత హాసిని.

రెండో రాత్రికి హాసిని ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మాత్ర వేస్తే దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. పైగా కలవరింతలు —

"చెట్టు కాడికి పోవాల... మా, నేను చెట్టు కాడికి పోవాల..."

పిల్లకు చిమ్మెటల మీద ధ్యాస. వనజమ్మకు మాత్రం ఆ చెట్టే పిల్లను రమ్మంటున్నట్టు తోచింది. ఫోన్ తీసి భర్తకు చేసింది.

"మోటరుకు రాత్రి కరంటు ఇస్తాండారు. చెట్లకు నీళ్లు కట్టేది ఇడిసిపెట్టి ఇప్పుడు యాడికొచ్చేది నేను?" అన్నాడు ఆదినారాయణ. "దయ్యం ల్యా, గియ్యం ల్యా. మాత్రేసి పడుకోబెట్టు."

ఆయనేమో తొండూరులో, జ్వరమేమో ఇక్కడ. అంత దూరం నుంచి ఎవరైనా ధైర్యంగానే ఉంటారు.

అప్పుడు వనజమ్మకు చనిపోయిన అత్తగారి మాటలు గుర్తుకొచ్చాయి. పిల్లకు దిష్టి తీసి మూడుదార్లలో పారేయాలి. గాలి ఎక్కడ సోకిందో అక్కడే పారేస్తే ఇంకా మంచిది. కానీ దానికి పద్ధతులున్నాయి. పోయిన దారిన మళ్ళీ రాకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం — తిరిగి చూడకూడదు.

"ఎనక నించి పిలుస్తాదే వనజా," అనేదట ఆ ముసలామె. "మనోల్ల గొంతుతోనే పిలుస్తాది. తిరిగినావంటే అయిపాయ. తీసిన దిష్టి తీసినట్టు మల్లా పిల్ల మీదికే పోతాది. అప్పుడు ఇంగ దిగదు."

కరెంటు పోయింది. ఇంట్లో ఉక్క. వనజమ్మ పిల్లను మిద్దె మీదికి తీసుకుపోయి పడుకోబెట్టింది. హాసిని కళ్ళు మూతపడ్డాయని చూసుకుని, ఎర్రన్నం ముద్ద, ఎండుమిరపకాయలు, ఉప్పు, నిమ్మకాయ ఒక విస్తరాకులో పెట్టి పిల్ల చుట్టూ తిప్పింది. ఎవరైనా ఫోన్ చేస్తే పలకాల్సి వస్తుందని ఫోన్ అక్కడే పరుపు మీద పెట్టేసింది. కొంగు తలనిండా కప్పుకుని, మెట్లు దిగి నడిచింది.

పార్కుకు తాళం వేసి ఉంది. లాల్ బాషా ఆ వేళకు అన్నానికి ఇంటికి పోతాడు. పెద్దగేటు పక్కన కంచె తెగిన చోటు నుంచి దూరింది.

లోపల ఒక్క దీపం లేదు. పగలంతా కాలిన బండలు ఇంకా వేడి కక్కుతున్నాయి. రాలిన కానుగపూలు బాటంతా బొరుగులు పోసినట్టు పడి ఉన్నాయి, వాటి వాసన మత్తుగా... ఆకు కదలడం లేదు.

చెట్టు దగ్గరకొచ్చింది. కాలి కింద ఏదో చల్లగా, జిగటగా తగిలింది.

వంగి చూసింది. కోడిగుడ్డు. పగిలిన గుడ్డు... సొన ఇంకా కారుతోంది.

ఇప్పుడే. ఎవరో ఇప్పుడే...

వనజమ్మ చేతిలో ఉన్నది అక్కడ పడేసింది. పెట్టిందో విసిరిందో తనకే తెలియదు. వచ్చిన దారిన పోకూడదు కాబట్టి ముందుకే, చిన్నగేటు బాట పట్టుకుని నడిచింది.

కొంచెం దూరం పోయిందో లేదో, కంటి చివర ఏదో నల్లగా కనపడింది. మొక్కల కంచె అవతల, ఉయ్యాలల బాటలో, తల నుంచి కాళ్ళ దాకా నల్లటి ఆకారం. కదలడం లేదు. ఆగి నిలబడి ఉంది.

దేవుని పేరు తలుచుకుందామంటే ఏ దేవుడూ గుర్తుకు రాలేదట వనజమ్మకు.

అప్పుడు వెనక నుంచి పిలుపు...

"అమ్మా..."

హాసిని గొంతు.

"మా... ఆగు మా... నా కాలు..."

అచ్చం హాసినే. ఆ సన్నటి గొంతు, ఆ జ్వరపు బొంగురు, అన్నీ అంతే. ముసలామె చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది కదా! పిల్ల మిద్దె మీద నిద్రపోతోంది, తాను చూసే వచ్చింది. మరి ఇక్కడ పిలిచేదెవరు?

"అమ్మా! కాలు బయటికి రాల్యా మా! మా, భయమైతాంది..."

పిలిచినప్పుడల్లా వీపులో పొడిచినట్టయ్యేది అని చెప్పింది నాకు. తిరగాలని మెడ దానంతటదే లాగేది. పళ్ళు బిగబట్టింది. తిరిగితే జ్వరం దిగదు, తిరిగితే పిల్ల దక్కదు. కొంగు రెండు చెవులకూ గట్టిగా అదుముకుని అడుగు పెంచింది. చిన్నగేటు పక్క సందులోంచి రోడ్డు మీద పడింది. వీధుల వెంబడి చుట్టూ తిరిగి ఇంటికి పరుగు తీసింది. ఆ గొంతు చాలాదూరం దాకా చెవుల్లో వినపడుతూనే ఉంది.

ఇల్లు చేరింది. వాకిట్లో తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంది. గట్టెక్కానురా దేవుడా అనుకుంది. పిల్ల నుదురు చల్లబడిందో లేదో చూద్దామని మెట్లెక్కింది.

పరుపు ఖాళీ.

దుప్పటి కింద పడి ఉంది. ఫోన్ ఉంది, నీళ్ళచెంబు ఉంది. హాసిని లేదు. మెట్ల మీద విడిచిన చిన్నచెప్పులూ లేవు.

అప్పుడు అరిచిన అరుపు నేనూ విన్నాను. మా ఇంటిదాకా వినపడింది. ఎవరికో ఏదో అయిందని తలుపు తీసేలోగా వీధిలో మనిషి లేదు.

కంచె తీగలు చీర చింపినా తెలియలేదామెకు. "హాసినీ! హాసినీ!" అని గొంతు పగిలేలా పిలుస్తూ చెట్టు దగ్గరికి పోయింది. జవాబు లేదు. ఉయ్యాలల వైపు ఏవో పూలు తొక్కిన చప్పుడు... అది దూరమై ఆగిపోయింది.

హాసిని చెట్టు కింద రాతిబల్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పిక్క మీద తోలు గీరుకుపోయి రక్తం. పక్కనే వాననీళ్ళ కాలువ మీద పరిచిన నాపబండ ఒకటి పైకి లేపి పక్కకు తోసి ఉంది.

"పాపా! కండ్లు తెరువు నాయనా... నేను, అమ్మను."

"పాయనా?" అంది హాసిని, కళ్ళు తెరవకుండానే.

"ఎవురు?"

"బండ ఎత్తినామె."

"ఎవరామె? ఏం చేసింది నిన్ను?"

పిల్ల వణుకుతూ గుసగుసగా చెప్పింది. "కాలువ బండ ఊగి నా కాలు ఇరుక్కుపాయ మా. అరిచినా. అప్పుడు ఆమె వచ్చింది... నల్లగా ఉండాది. మాట్లాడల్యా. మా... ఆమెకు కాళ్లు ఎనక్కి ఉండాయి."

"ఏందీ?"

"వీపు నా దిక్కు పెట్టుకోని వచ్చింది. మడమలు ముందరికి... ఏళ్లు ఎనక్కి. అట్లే నడుస్తా వచ్చింది మా. నేను కండ్లు మూసుకున్న్యా."

వనజమ్మ పిల్లను భుజాన వేసుకుని ఎట్లా ఇంటికొచ్చి పడిందో ఆమెకే తెలియదు. ఆమె దిష్టి తీస్తున్నప్పుడు పిల్ల నిద్రపోలేదట. అమ్మ చీకట్లో ఒక్కతే ఆ చెట్టు దగ్గరికి పోతోందని, దయ్యం అమ్మను పట్టుకుంటుందేమోనని, జ్వరంతోనే వెనకాల వచ్చిందట. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంది.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. ఇంతకుముందు చూసినవాళ్ళంతా దూరం నుంచి చూసినవాళ్ళు. ఇప్పుడు దగ్గర నుంచి, పక్కన నిలబడి చూసిన పిల్ల దొరికింది. కాళ్ళు వెనక్కున్నాయంటే ఇంక అనుమానమేముంది? పాలాయన తన బండి కథను కొత్త మలుపులతో మళ్ళీ మొదలుపెట్టాడు. నా మిషను ముందు ఆ రోజు కొలతలు తక్కువ, దయ్యాలు ఎక్కువ.

వనజమ్మ నాతో సహా అందరికీ ఒకటే చెప్పింది — "జ్వరం మత్తులో నిద్దట్లో లేచి పోయిందక్కా. పరుపు మీద లేకపోతే ఎతుక్కుంటా పోయినా." తాను దిష్టి పారేసిన మాట ఎత్తలేదు. పిలుపు విన్న మాట అసలే ఎత్తలేదు.

హాసిని పక్కనే ఉండి విన్నది. వాళ్ళమ్మ ముఖంలోకి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. జ్వరం మరుసటి రోజుకే దిగిపోయింది. మాటలు కూడా దానితోపాటే పోయాయి. అన్నం పెడితే తినింది, రమ్మంటే వచ్చింది. నోరు మాత్రం విప్పలేదు. ఎందుకు తిరగలేదమ్మా అని ఒక్కసారి అడిగినా బాగుండేది అని వనజమ్మ తర్వాత నాతో చెప్పుకుని ఏడ్చింది. పిల్ల అడగలేదు. తల్లితో ఒక్క మాట లేదు.

ఆదివారం సాయంత్రం తల్లులంతా పార్కులో చేరారు, శిబిరం ఆపేయమని చెప్పడానికి. నేనూ పోయాను. నలుగురు ఉంటారు, వెలుతురు ఉంది కదా, ఫరవాలేదనుకున్నాను. ఫాయిజా మడతపెట్టిన తెల్లదుప్పటి చేతిలో పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. పాపం ముఖం వాడిపోయింది.

"ఆ బాటలన్నీ కాలితో కొలిచినా నేను. ఈడ ఏమీ లేదక్కా," అంటోంది. "పిల్లోల్లు ఇప్పుడిప్పుడే బయటి గాలి పీలుస్తాండారు. మల్లా ఫోన్లు చేతికిచ్చి ఇంట్లో కూసోబెడతారా?"

"ఏమీ లేకుంటే మా పాప సూసింది ఏంది మరి?" అంది వనజమ్మ. గొంతు ఆమెదిలా లేదు. హాసిని ఆమె చెయ్యి పట్టుకుని నేల చూస్తోంది. "మూసెయ్యి టీచరమ్మా. ఇంగొక తల్లికి ఈ బాధ రాకూడదు."

తల్లులంతా ఔనౌనన్నారు. ఖమర్‌బీ అందరికన్నా గట్టిగా అంది.

అప్పుడు ఉయ్యాలల బాట నుంచి షబీనా వచ్చింది. ఆ రాత్రి తర్వాత ఆమె ఎవరికీ కనపడలేదు. వసీంను ఆస్పత్రిలో చేర్చి, సెలైను పెట్టించి, ఆ పొద్దే ఇంటికి తీసుకొచ్చింది. నల్లబురఖా వేసుకుని ఉంది. మా అందరికీ కొంచెం దూరంలో ఆగింది. ఏమీ మాట్లాడకుండా వెనక్కి తిరిగి నిలబడింది.

వీపు మా వైపు పెట్టుకుని... ఒక్కో అడుగు... వెనక్కి నడుచుకుంటూ రావడం మొదలుపెట్టింది.

అంత వెలుతురులోనే నా ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి. ఎవరో చిన్నగా కేక వేశారు. మడమలు ముందు, వేళ్ళు వెనక. కాలువ బండ దాకా వచ్చి ఆగి, అప్పుడు మా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"నేనే," అంది. "మా వసీంకు నజర్ తీసి గుడ్డు పారేసేకి వచ్చినా. పారేసి పోతాంటే పాప అరుపు ఇనపడె. తిరిగి సూస్తే నజర్ మల్లా వాని మీదికే పోతాదంటారు గదా. తిరిగేకి భయం... పిల్ల అంత ఏడుస్తాంటే పోయేకి మనసు రాల్యా. ఏం చేయల్ల? ఎనక్కి నడిచినా. బండ కాడికొచ్చి ఎనక చేతులతో ఎత్తి చూసినా, లేయల్యా. దాన్ని ఎత్తల్లంటే తిరగాల్సిందే."

"తిరిగినావా?" అంది ఖమర్‌బీ, సగం ప్రాణంతో.

"తిరిగినా అత్తా. తిరిగి ఎత్తినా. వనజక్క అరుస్తా వచ్చే గొంతు ఇనపడినాక పోయినా. రెండు రోజులు ఆస్పత్రిలో వాని పక్కన కూసోని నేను సచ్చి బతికినా. నేను తిరిగినందుకే వానికి ఇట్లయిందనుకున్న్యా. డాక్టరమ్మ నవ్వింది. నీళ్లు తక్కువైనాయి అంతే అనింది. ఈ పొద్దు మామిడిపండు కావాలని అడుగుతాండాడు."

నేను చుట్టూ చూశాను. ఒక తల్లి నేల చూస్తోంది, ఒకామె కొంగు సర్దుకుంటోంది, ఇంకొకామె చెట్టులో లేని పిట్టను వెతుకుతోంది. లాల్ బాషా చీపురు ఆనించి ఒక్కొక్కరి ముఖం చూసి, "ఓహో... అన్ని నిమ్మకాయలూ ఒక ఇంటివి కాదన్నమాట," అన్నాడు. ముసుగు కప్పుకుని, పలకకుండా, తిరిగి చూడకుండా పోయే ఆడమనిషి ఒక్కతి కాదని అప్పుడు తెలిసింది మాకు. నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఫాయిజా ముఖం వెలిగింది. "సూసినారా అక్కా! దయ్యమే ల్యా."

"దయ్యం ల్యా అని నేను చెప్పలే టీచరమ్మా," అంది షబీనా.

నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు.

"దయ్యం ఉండాది. నేను సూసినా." ఆమె గొంతు తగ్గించింది. "ఆ మొక్కల అవతల, చిన్నగేటు బాటలో పోతాండె. ముసుగేసుకోని. ఈ పాప 'అమ్మా, అమ్మా' అని అరుస్తాంది. ఆమె తిరుగుతాదిలే, దగ్గర్లో ఉండాది గదా, పిల్లను తీస్తాదిలే అని నేను ఆగి నిలబడినా. ఆమెకు ఇనపడింది వనజక్కా. పిలిచినప్పుడల్లా భుజాలు అదురుతాండె. అయినా తిరగల్యా. చెవులు మూసుకోని ఇంగా బిరబిరా పాయ. అప్పుడు తెలిసె నాకు, అది మనిషి కాదని. మనిషైతే, ఆడదైతే, పిల్ల అట్ల ఏడుస్తాంటే తిరగకుండా పోతాదా? నువ్వే చెప్పు."

వనజమ్మ చేతిలోంచి హాసిని చెయ్యి జారిపోయింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పడిపోతుందేమోనని భుజం పట్టుకున్నాను. అప్పటికి నాకు ఏమీ తెలియదు.

హాసిని తల ఎత్తింది.

"అది దయ్యం కాదాంటీ," అంది. ఆ రాత్రి తర్వాత పిల్ల మాట్లాడటం అదే మొదలు.

"మరెవురు పాపా?"

"మా అమ్మ."

కోపంగా చెప్పలేదు, ఏడుస్తూ చెప్పలేదు. ఈ సంచి ఎవరిదంటే మాదే అన్నట్టు చెప్పింది. తిట్టినా, కొట్టినా, ఏడ్చినా ఓర్చుకునేదాన్ని గాని, అంత మామూలుగా చెప్పిందక్కా, అందుకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు — అంది వనజమ్మ నాతో.